గట్టు లెక్క

తాడేపల్లిగూడెం,
దసరా సెలవుల ముందు శుక్రవారం.

సారమ్మ అక్కయ్యకు తమ్ముడు ఏసుకుమార్ వందనాలు.

పాస్టరుగారి గొంతుతో ఫోన్ చేసి నీ చేత ఊరందరికీ పులిహోర కలిపించినప్పటి నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేశావు. "ఏదున్నా రాసి పంపు, రాతలో గొంతు మార్చలేవు" అన్నావు. సరే, రాస్తున్నాను. కాగితం మీద రాసి, ఫోటో తీసి, నీ ఫోనుకే పంపుతున్నాను. పదో తరగతి మీద పదేపదే దండెత్తి ఓడిపోయిన చెయ్యి ఇది. అక్షరాలు అటూ ఇటూ నడిస్తే సర్దుకో.

సంగతేమిటంటే, మన తమ్ముడు మధుబాబు కాలేజీలో హిస్టరీ చెప్పీ చెప్పీ, ఆ చెప్పినవన్నీ నిజంగా ఉన్నాయో లేదో చూసొద్దామని బయలుదేరుతున్నాడు. రాజస్థాన్ ఎడారి. ఇసక, ఇసకలో పార్కులు, పార్కుల మధ్య మ్యూజియాలు. భార్య జెస్సీ, పిల్లలు జీవన్, జ్యోత్స్న, చిన్నది బ్లెస్సీ. ఏడు సీట్ల పాత బండి. "అన్నయ్యా, నువ్వు లేకపోతే సరదా ఉండదు" అన్నాడు. బండి ఆగిపోతే బాగుచెయ్యడానికి మెకానిక్కు కావాలని అనడానికి లెక్చరరుకి నోరు రాలేదు పాపం.

నీళ్లలో పుట్టిన కొల్లేటివాళ్లం, నీళ్లు లేని చోటు చూడ్డానికి డీజిల్ పోసుకుని పోతున్నాం. నీకేం తేను? ఇసక తప్ప ఏదైనా అడుగు.

నీ తమ్ముడు,
ఏసు


కొల్లేటికోట,
శనివారం.

ఒరే ఏసూ,

నాకేమీ తేవద్దు. ఆ ముగ్గురు పిల్లల్నీ చూసుకో. మధుకి బోర్డులు చదవడం తప్ప పక్కన ఎవరున్నారో తెలియదు. జెస్సీకి బండెక్కగానే తలనొప్పి. ఇక మిగిలింది నువ్వు. అదే నా భయం.

బ్లెస్సీ ఏది చెబితే అది నమ్ముతుంది. పోయిన క్రిస్మస్‌కి రొయ్యలకి రాత్రిపూట రెక్కలొస్తాయని చెప్పావు. అవి ఎగిరేదాకా రానని అది చెరువు గట్టు మీదే కూర్చుంది. అలాంటివి అక్కడ పెట్టకు. తెలియని చోటు, తెలియని భాష.

ప్రయాణం బాగా జరగాలని ప్రార్థన చేశాను. నీ పేరు కూడా చెప్పాను, ప్రభువు వింటాడో లేదో.

సారమ్మ


జోధ్‌పూర్,
బుధవారం.

అక్కా,

బండి బాగుంది, నేను బాగున్నాను, మధు గురించి ఏం చెప్పను. మ్యూజియంలో దుమ్ము పట్టిన ప్రతి కత్తి ముందూ నిలబడి దాని తాతముత్తాతల పేర్లు చదువుతున్నాడు. బ్లెస్సీ బాత్రూం అంటే, "ఉండమ్మా, ఈ శతాబ్దం అయిపోనీ" అన్నాడు. శతాబ్దం అయ్యేలోగా అది కానిచ్చేసింది.

నీకు నవ్వొచ్చే ముక్క ఒకటి చెబుతాను. గూడెంలో బయలుదేరేటప్పుడు అలవాటుకొద్దీ బండి తలుపు మీద చరిచి "నలుగురు" అన్నాను. చిన్నప్పుడు నాన్న కొల్లేట్లో దోనె తోసేటప్పుడు అనేవాడు చూడు, అలాగ. దోనెలో పిల్లలు ముగ్గురుంటే నలుగురనాలి, కొల్లేరుకి ఒకణ్ణి తీసుకోవాలనిపిస్తే ఆ లేనివాణ్ణి తీసుకుంటుంది. జ్యోత్స్న లెక్కల్లో గట్టిది కదా, వెంటనే పట్టుకుంది. "ముగ్గురమే పెదనాన్నా, నాలుగోవాడెవడు?" అంది. ఊరుకుంటానా. "బాబ్జీ. వెనక సీట్లో మీ ముగ్గురి మధ్యన ఉన్నాడు. కాస్త సర్దుకోండి, నలిగిపోతాడు" అన్నాను.

అక్కా, బాబ్జీకి ఇప్పుడు మా బండిలో నాకంటే మర్యాద ఎక్కువ. వాడికి బిస్కట్టు తీసిపెడతారు. వాడికి కిటికీ పక్క చోటు కావాలట, వంతులు వేసుకున్నారు. నేనూ ఊరుకోలేదు. మ్యూజియంలో నాలుగు పిల్లల టిక్కెట్లు అడిగాను, మధు మొహం చూడ్డానికి. నాకొచ్చిన హిందీ వేళ్లే, నాలుగు చూపించాను. టిక్కెట్లబ్బాయి పిల్లల వంక చూసి, నాలుగు చింపి ఇచ్చేశాడు. సరిగా చూడలేదనుకుంటాను.

హోటల్లో మాత్రం నేనేం చెప్పలేదు. అయినా పిల్లల గదిలో నాలుగు తలగడలు వేశారు. జెస్సీ నన్నే అంది, "బావగారూ, మీ వేళాకోళాలు హోటలు వాళ్లదాకా ఎందుకండీ" అని. నేను కాదమ్మా అంటే నమ్మే ముఖమా నాది.

ఏసు


కొల్లేటికోట,
గురువారం.

ఏసూ,

నాకు నవ్వు రాలేదు.

దోనె తోసేటప్పుడు ఒకటి ఎక్కువ చెబుతారని గుర్తుంది నీకు. గట్టు చేరాక ఏం చేస్తారో గుర్తులేదా? దిగిన ప్రతి పిల్ల తల మీదా చెయ్యి వేసి, ఉన్న లెక్క పైకి చెబుతారు. గట్టు లెక్క. అది చెబితేనే ఆ ఎక్కువ చెప్పినవాడు నీళ్లల్లోకి వెళ్లిపోతాడు. లేకపోతే వెంట వస్తాడని నాయనమ్మ అనేది. నువ్వు లెక్క మొదలుపెట్టి వదిలేశావు. పైగా పేరు పెట్టావు. తిండి పెడుతున్నావు. లేనివాడికి పేరు పెట్టకూడదు.

మనం యేసు బిడ్డలం, ఇవి నమ్మకూడదని నాకు తెలుసు. పాస్టరుగారు వింటే నన్ను ప్రార్థన కూటంలో వెనక చాపకి పంపిస్తారు. అయినా చెబుతున్నాను. ఈసారి బండి దిగగానే ముగ్గురి తలల మీదా చెయ్యి వేసి, ముగ్గురు అని గట్టిగా చెప్పు. ఆట కట్టేశామని పిల్లలకి చెప్పు.

ఇంకొకటి. ఆ బాబ్జీ ఎలా ఉంటాడని పిల్లలు అంటున్నారు?

సారమ్మ


జైసల్మేరు,
ఆదివారం.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇక్కడ దిగగానే ముగ్గురి తలల మీదా చెయ్యి వేసి ముగ్గురన్నాను. బ్లెస్సీ నా చెయ్యి పట్టుకుని ఇంకా పక్కకి జరిపింది, "వీడు కూడా" అని. గాలిలో చెయ్యి ఆడించి వెనక్కి తీసుకున్నాను. ఆట కట్టేశామని చెప్పాను. జీవన్ పెద్దవాడు, సరేనన్నాడు. తర్వాత నా చెవిలో, "వాడికి వినపడింది పెదనాన్నా, మాట్లాడ్డం లేదు" అన్నాడు.

ఎలా ఉంటాడని అడిగావు. ముగ్గుర్నీ విడివిడిగా అడిగాను, దొంగ సాక్షుల్ని అడిగినట్టు. ముగ్గురూ ఒకటే చెప్పారు. నల్లగా ఉంటాడు, చొక్కా లేదు, జుట్టులోంచి నీళ్లు కారుతుంటాయి. నేను తడి సంగతి ఎప్పుడూ చెప్పలేదు అక్కా. నా బాబ్జీకి నేను ఎర్ర చొక్కా తొడిగాను.

ఇప్పుడు నిన్న జరిగింది చెబుతాను. మధుకి చెప్పకు, నాకు చెప్పుకోడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఊరి బయట రాయైపోయిన చెట్ల పార్కు ఉంది. ఒకప్పటి అడవి, మాను మాను రాయిగా మారి ఎండలో పడి ఉంది. పక్కనే సముద్రం నాటి గవ్వలు కూడా రాళ్లలో ఉన్నాయి. ఇదంతా నీళ్లే ఒకప్పుడు, అని మధు చెప్పాడు. "నీళ్లెక్కడికి పోయాయి నాన్నా?" అంది జ్యోత్స్న. వాడు కోట్ల సంవత్సరాలు చెప్పాడు. నాకు మాత్రం ఒకటే తోచింది. నీళ్లు వెళ్లిపోయాయి కాబట్టి ఎక్కడ నిలబడ్డా నీళ్ల అడుగే. ఈ చోట గట్టంటూ లేదు. నేను చెప్పిన లెక్క ఏ గట్టు మీద చెప్పినట్టు?

ఎండకి పిల్లలు తలలకి తువ్వాళ్లు చుట్టుకున్నారు. జెస్సీ తలనొప్పితో మధ్య సీట్లో కళ్లు మూసుకుని పడుకుంది. బండి తీస్తూ మధు, "అందరూ ఎక్కారా అన్నయ్యా?" అన్నాడు. అద్దంలో చూశాను. వెనక సీట్లో మూడు తువ్వాళ్లు, మూడు తలలు. ఎక్కారన్నాను. చాలా దూరం పోయాం. జీవన్, "పెదనాన్నా, చెల్లి పలకట్లేదు" అన్నాడు. వెనక్కి తిరిగాను. జీవన్ అటు, జ్యోత్స్న ఇటు. మధ్యలో ఎవరూ లేరు. సీటు మాత్రం తడిసి ఉంది.

మధు బండి ఎలా తిప్పాడో నాకు తెలియదు. జెస్సీ వెనక్కి వాలి ఆ ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది అక్కా. వెళ్లేసరికి బ్లెస్సీ ఒక రాతి మాను మీద తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది. వాచ్‌మన్ ఎవరో మంచినీళ్లు ఇస్తున్నాడు. ఏడవడం లేదు. ఎందుకు దిగిపోయావే తల్లీ అంటే, "బాబ్జీ నన్ను ఇక్కడ ఉండమన్నాడు. నా చోట్లో తను కూర్చుంటానన్నాడు" అంది.

మేం కొన్నవి మూడే తువ్వాళ్లు. ఒకటి దాని తల మీదే ఉంది.

మధు నా చొక్కా పట్టుకుని, "నీకు ముగ్గుర్ని లెక్కపెట్టడం రాదా" అన్నాడు. బ్లెస్సీని ఎత్తుకెళ్లి జెస్సీ ఒళ్లో పెట్టాను. ఇక తిరుగు ప్రయాణమే.

ఏసు


కొల్లేటికోట,
సోమవారం.

తమ్ముడూ,

మధు తిడితే పడు. కాని నీకు లెక్క రాలేదని అనుకోకు. నువ్వు లెక్క సరిగానే పెట్టావు.

నా కొడుకు దానియేలు సంగతి ఇన్నేళ్లలో నువ్వు నన్ను ఎప్పుడూ అడగలేదు. దోనెలోంచి పడిపోయాడని ఊరంతా అనుకుంది, నేనూ కాదనలేదు. పడిపోలేదు.

కొల్లేటి మధ్య లంక ఊళ్లో పెళ్లి చూసుకుని దోనెలో వస్తున్నాం. దానీ, చుట్టాల పిల్లలు కలిపి ఐదుగురు. మీ బావ ఆరుగురని చెప్పి దోనె తోశారు. కోటలో దిగాక నేనే ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి గట్టు లెక్క చెప్పాను. ఐదు. ఐదు తలలూ ఉన్నాయి తమ్ముడూ. అందులో ఒక తల తడిగా ఉంది. నీళ్లు చల్లుకుని ఆడి ఉంటాడులే అని మొహం చూడలేదు. మొహం చూడకుండా లెక్కపెట్టాను. ఇంటికొచ్చి అన్నాలు వడ్డిస్తే ఒక కంచం మిగిలింది. అప్పుడు చూసుకున్నాం, దానీ లేడు. వెళ్లి వెతికితే నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. మనిషి దొరకలేదు. సమాధుల తోటలో వాడికి చోటే లేదు.

ఎవరి తల మీద చెయ్యి వేశానో ఇన్నాళ్లు తెలియలేదు. నీ ఉత్తరం చదివాక తెలిసింది.

తరతరాలుగా మనం లేనివాణ్ణి ఒకణ్ణి చూపించి, వీణ్ణి తీసుకో, మా పిల్లల్ని వదిలెయ్యి అంటున్నాం. ప్రతి దోనెలోనూ వాణ్ణే ఇస్తున్నాం. వాడికీ ఒక చోటు కావాలనిపిస్తుందని మనలో ఎవరికీ తట్టలేదు.

పిల్లల్ని నీ మీద వేసుకుని పడుకోబెట్టు. తలలు కాదు, మొహాలు చూసి లెక్కపెట్టు.

సారమ్మ


నాగ్‌పూర్,
గురువారం.

అక్కా,

మొహాలు చూసే లెక్కపెడుతున్నాను. ఎంతలా అంటే, "పెదనాన్నకి మేం ఎవరో మర్చిపోయినట్టుంది" అని జ్యోత్స్న తల్లికి చెప్పింది. జెస్సీ ఇప్పుడు వెనక సీట్లో పిల్లల మధ్య కూర్చుంటోంది. మధు బోర్డులు చదవడం మానేశాడు. దారిలో మంచి మ్యూజియం తగిలింది, మొహం తిప్పుకుని పోనిచ్చాడు. వాడు బోర్డు వదిలేశాడంటే నా గుండె చెరువైపోయింది. ఇన్నాళ్లు ఎగతాళి చేశాను కాని, వాడు చదువుతుంటేనే బాగుంటుంది.

ముందు జెస్సీ కూర్చున్న మధ్య సీటు ఇప్పుడు ఖాళీగా ఉంది. తుడుస్తాను, మళ్లీ తడుస్తుంది. ఏసీ పైపు కారుతోందని మధుకి చెప్పాను. మెకానిక్కుని కదా, నమ్మాడు. ఏసీ పైపు అటు వైపు లేదు.

వాణ్ణి దారిలో దింపేద్దామని చూశాను. ధాబా దగ్గర, పెట్రోలు బంకు దగ్గర, చర్చి కనపడితే చర్చి దగ్గర కూడా. తలుపు తెరిచి, "ఒరే, ఇక్కడ బాగుంటుంది, దిగరా" అన్నాను. పక్క లారీవాడు నాకు ఎండ దెబ్బ తగిలిందని మజ్జిగ ఇచ్చాడు. వాడు దిగలేదు. బ్లెస్సీ మాత్రం చెప్పింది, "వాడికి ఇంటికెళ్లాలని ఉంది పెదనాన్నా, ఏ ఇల్లో తెలియట్లేదంట" అని.

ఈ బండి గూడెం చేరితే వాడు మధు ఇంట్లో దిగుతాడు. అక్కడ ముగ్గురు పిల్లల మంచాలున్నాయి. ఏం చెయ్యమంటావు?

ఏసు


కొల్లేటికోట,
గురువారం.

ఏసూ,

నా దగ్గరికి పంపించు. నాకు వాడితో పని ఉంది. దానీ ఎక్కడ ఉన్నాడో వాడికి తెలుసు. నీళ్లల్లో వాడు లేచిన చోటే కదా నా బిడ్డ కూర్చున్నాడు.

నాతో వాదించకు. మధు ఇంట్లో పిల్లలున్నారు. నా ఇంట్లో తీసుకుపోవడానికి ఎవరున్నారు?

సారమ్మ


తాడేపల్లిగూడెం,
ఆదివారం.

అక్కా,

అందరం క్షేమంగా చేరాం. పిల్లలు చర్చికి కూడా వెళ్లొచ్చారు. మొహాలు మూడూ సరిపోయాయి.

ఏలూరు దాటాక భీమడోలు దగ్గర టీకి ఆగాం. మధు వాళ్లు కొట్టులోకి వెళ్లాక వెనక తలుపు తీసి, జీవితమంతా నేర్చుకున్న విద్య వాడి మీద ప్రయోగించాను. నీ గొంతు పెట్టాను. "రా నాన్నా, అమ్మ కొల్లేటికోటలో ఉంది. కొర్రమీను పులుసు చేసింది. దక్షిణంగా నీళ్ల వాసన పట్టుకుని వచ్చెయ్యి" అన్నాను. బండి ఒక్క పిసరు పైకి లేచింది అక్కా, బరువు దిగితే లేచినట్టు. గూడెం చేరేసరికి సీటు ఆరిపోయింది.

నువ్వు అడిగావు, నేను పంపాను. అదేం లేదు, ఉత్త భ్రమేలే అని మళ్లీ ఒక ఉత్తరం ముక్క రాయి. నేను ఎన్నోసార్లు నిన్ను మోసం చేశాను కదా, ఒక్కసారి నువ్వు నన్ను ఆటపట్టించు. నిద్ర పట్టడం లేదు.

ఏసు


కొల్లేటికోట,
మంగళవారం.

తమ్ముడూ,

వచ్చాడు.

నిన్న మధ్యాహ్నం చేపలు తోముతుంటే అరుగు మీద తడి కనిపించింది. వాణ్ణి చూశానని చెప్పను, తడి చూశాను. కంచంలో అన్నం, పులుసు పెట్టి అరుగు మీద ఉంచి లోపలికి వెళ్లాను. వచ్చేసరికి కంచం కడిగినట్టు ఉంది. పిల్లి అని నువ్వంటావు. పిల్లి ముళ్లు ఏరి ఒక పక్కన పెట్టదు.

నా గొంతు పెట్టి పిలిచినందుకు కోప్పడదామనుకున్నాను. పోనీలే. వాణ్ణి అలా పిలిచినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.

దానీ ఎక్కడ అని అడిగాను. నా చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంటుందనుకున్నాను. వెచ్చగా ఉంది, జ్వరం తగ్గిన పిల్లాడి చెయ్యిలాగ. రేవు వైపు లాగాడు. నాకు అర్థమైంది.

రేపు పొద్దు పొడవగానే, మీ బావ పోయినప్పటి నుంచి రేవులో ఉన్న పాత దోనెలో వెళ్తున్నాం, వాడూ నేనూ. చోటు చూపిస్తాడు. నాకు ఇంక భయం లేదు, ఆనందంగా ఉందని రాస్తే నువ్వు కంగారు పడతావు, అందుకని రాయను. దోనె తోసేటప్పుడు ఈసారి ఒకటి ఎక్కువ చెప్పను. ఉన్న లెక్కే చెబుతాను, ఇద్దరు అని. నీళ్లకి నిజం చెప్పి చూస్తాను. తీసుకోవలసింది తీసుకుని, ఇవ్వవలసింది ఇస్తుందేమో.

మధుని బోర్డులు చదవమని చెప్పు. పిల్లలు జాగ్రత్త.

మీ అక్క,
సారమ్మ


భీమడోలు రైలు గేటు,
బుధవారం పొద్దున.

అక్కా,

నీ ఉత్తరం తెల్లవారుజామున చూసి వెంటనే బయలుదేరాను. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. నేనే అక్కా, నా గొంతే, ఎవరి గొంతూ కాదు. గూడ్సు అడ్డం పడింది, గేటు తియ్యడం లేదు. బండి బానెట్ మీద పెట్టి రాస్తున్నాను.

నువ్వు దోనె ఇంకా తొయ్యకపోతే ఇది చదువు. నీకు నిజం తప్ప రాదు, అదే నీతో వచ్చిన చిక్కు. ఇద్దరని చెప్పకు. ఇద్దరిలో వాణ్ణి కొల్లేరు తీసుకోదు, వాడు కొల్లేరువాడే. మిగిలింది ఎవరో నువ్వే లెక్క కట్టుకో.

దానీ కోసం ఇన్నేళ్లు ఆగావు, ఈ గేటు తీసేదాకా ఆగు. ఆగలేకపోతే ముగ్గురని చెప్పు. అబద్ధం చెప్పమనడం లేదు. ప్రతిసారీ లేనివాణ్ణి చూపించాం, అందుకే కదా ఇంత జరిగింది. ఈసారి ఉన్నవాణ్ణే చెప్పు. తాడేపల్లిగూడెం ఏసుకుమార్, సారమ్మ తమ్ముడు, బండ్ల మెకానిక్కు, అని పేరుతో సహా చెప్పు. నీళ్లకి వినపడేలాగ చెప్పు.

ముగ్గురు అక్కా. మూడోవాడు దారిలో ఉన్నాడు.

ఏసు